మాత్ర చేరింది, మాట చేరలేదు

గత నెల ఒక జుమా నాడు నమాజు ముగిసి జనమంతా వెళ్ళిపోయాక, మా మస్జిద్ వరండాలో ఒక ఆటో డ్రైవర్ సోదరుడు ఒంటరిగా కూర్చుని కనిపించాడు. వయసు నలభై ఎనిమిది. చిన్నతనంలో మా వద్ద నాజిరా చదివినవాడే. పక్కన కూర్చుని కుశలం అడిగాము. చాలాసేపు నేల చూపులు చూసి, "జీ ఘబ్రాతా ఉస్తాద్" అన్నాడు.

మెల్లగా విషయం బయటికి వచ్చింది. ఆరేళ్ళుగా అతనికి షుగరు. దగ్గరలోని దవాఖానాలో మాత్రలు ఉచితంగానే ఇస్తున్నారు. అయినా మూడు నెలలుగా అతడు అటు వెళ్ళడం లేదు. ఎందుకని అడిగితే ఇలా చెప్పాడు: "వెళ్ళిన ప్రతిసారీ చీటీ చూసి, మళ్ళీ పెరిగింది, నోరు కట్టుకోలేవా అని అందరి ముందూ అంటారు. ఇంటికి వస్తే భార్యదీ అదే మాట, కొడుకుదీ అదే మాట. అందుకే చూపించుకోవడమే మానేశాను. చూపించుకోకపోతే తిట్టేవాళ్ళుండరు కదా ఉస్తాద్!"

ఈ మాట విన్నాక మాకు మా సంగతే గుర్తుకు వచ్చింది. రెండేళ్ళ క్రితం ఇదే సోదరునికి ఇదే వరండాలో "నఫ్సును అదుపులో పెట్టుకో" అని హితవు చెప్పి పంపినవాళ్ళలో మేము కూడా ఉన్నాము. అతడు అడిగింది హితవు కాదని ఆనాడు మాకు తోచలేదు.

ఇది ఒక్క మనిషి కథ అయితే పత్రికలో రాయనవసరం లేదు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిపిన 'ఇండియాబ్' అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున నిలబడి ఉన్నారు. వయోజనులలో నూటికి పదకొండు మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారన్నమాట. మన బస్తీలలో ఏ గల్లీలో నిలబడి చూసినా షుగరు లేని ఇల్లు వెతుక్కోవలసిన పరిస్థితి కనిపిస్తున్నది. ఇంతమందికి మాత్రలు చేర్చడానికి ప్రభుత్వాలు కొంత ప్రయత్నం చేస్తున్నాయి. హైదరాబాద్‌లో 2018 నుండి బస్తీ దవాఖానాలు వచ్చాయి. రక్తపరీక్ష, మాత్రలు కొంతవరకు ఇంటి దగ్గరికి వచ్చాయి. ఇందుకు సంతోషించవలసిందే. కాని ఆ మాత్రను రోజూ మింగవలసిన మనిషి మనసు ఎట్లా ఉందో అడిగే నోరు మాత్రం ఎక్కడా కనిపించడం లేదు. ఆ ఒక్క లోపం వల్ల, చేరిన మాత్ర కూడా వృథా అవుతున్నది.

దీనికొక పేరున్నది

షుగరు రోగి పడే మనోవేదన కేవలం ఊహ కాదు. వైద్యులు దీనిని గుర్తించి చాలా కాలమైంది. 1995లో అమెరికాలోని జోస్లిన్ కేంద్రంలో విలియం పొలాన్‌స్కీ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు కొన్ని ప్రశ్నలతో ఒక కొలమానం తయారుచేశారు. షుగరుతో జీవించడంలో ఏది మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది అనేదే ఆ ప్రశ్నల సారాంశం. ఆ బాధకు వారు 'డయాబెటిస్ డిస్ట్రెస్' అని పేరు పెట్టారు. మనం దీనిని 'షుగరు బెంగ' అనుకుందాం.

ఈ బెంగ ఎక్కడి నుండి పుడుతుంది? జ్వరం వస్తే వారం రోజులు మందు వాడి మరచిపోతాము. షుగరుకు సెలవు లేదు. పొద్దున లేస్తే మాత్ర, తినబోతే లెక్క, తిన్నాక భయం. కాలికి చిన్న పుండు లేస్తే కాలు తీసేస్తారేమోనన్న దిగులు. కళ్ళు మసకబారితే ఇక చూపు పోయిందన్న కంగారు. ఇంత చేసినా ఒక నెల చీటీలో అంకె పెరిగే ఉంటుంది. ఇక నేనేం చేసినా లాభం లేదన్న నిరాశ అప్పుడు మనసులో చోటు చేసుకుంటుంది. నిరాశ పడినవాడు మాత్రలు మరచిపోతాడు, నడక మానేస్తాడు, దొరికింది తింటాడు. అంకె ఇంకా పెరుగుతుంది. నిరాశ ఇంకా ముదురుతుంది. గానుగెద్దు తిరిగినట్టు మనిషి అందులోనే తిరుగుతుంటాడు.

పైగా మనోవేదన నేరుగా కూడా రక్తంలో చక్కెరను పెంచగలదు. మనిషి ఆందోళనలో ఉన్నప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు విడుదలవుతాయి. అవి కాలేయంలో నిలువ ఉన్న చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి. అంటే ఆ రోజు ఇంట్లో జరిగిన కలహం కూడా మరునాటి చీటీలో కొంత కనిపించవచ్చు. మిఠాయి తినకుండానే అంకె పెరిగిందని చెప్పే రోగి ప్రతిసారీ అబద్ధమాడుతున్నాడని అనుకోరాదు.

ఈ బెంగ వేరు, 'డిప్రెషన్' అనబడే కుంగుబాటు వ్యాధి వేరు. బెంగ షుగరు బాధ్యతల బరువు వల్ల పుడుతుంది. ఆ బరువును పంచుకునేవారు దొరికితే తగ్గుతుంది. కుంగుబాటు అట్లా కాదు. రెండు వారాలు, అంతకు మించి మనసు చీకటిగానే ఉండడం, దేనిపైనా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడడం, తాను ఎందుకూ పనికిరాననుకోవడం దాని లక్షణాలు. షుగరు ఉన్నవారిలో ఈ వ్యాధి కలిగే అవకాశం, లేనివారికంటే దాదాపు రెట్టింపు అని పలు అధ్యయనాలను కలిపి పరిశీలించిన వైద్య పరిశోధకులు 2001లోనే తేల్చారు. దీనికి చికిత్స ఉన్నది, మందులున్నాయి. అవి నిద్రమాత్రలు కావు. డాక్టరు సలహా లేకుండా మొదలుపెట్టరాదు, మధ్యలో మానరాదు.

మరొక్క సంగతి ఇంటింటా తెలిసి ఉండాలి. గుండె దడ, చెమటలు, చేతుల వణుకు ఆందోళన వల్లా వస్తాయి, రక్తంలో చక్కెర పడిపోయినప్పుడూ వస్తాయి. కనుక షుగరు మాత్రలో ఇన్సులినో వాడే మనిషి "జీ ఘబ్రాతా" అన్నప్పుడు "ఊరికే హైరానా పడకు" అని కసురుకోకూడదు. వీలుంటే వెంటనే పరీక్ష చేయాలి. పరికరం లేకపోతే ఆలస్యం చేయకుండా మూడు నాలుగు చెంచాల చక్కెర కలిపిన నీళ్ళు తాగించాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పేదవాని షుగరు

వ్యాధి అందరికీ ఒక్కటే. దానిని మోసే భుజాలు మాత్రం ఒక్కటి కావు. బంగళాలో ఉండే రోగికి డాక్టరు "రోజూ నలభై నిమిషాలు నడవండి" అంటే పార్కు ఉంటుంది. రెండు గదుల ఇంట్లో ఏడుగురు ఉండే గల్లీలో, పర్దా పాటించే ఒక తల్లి ఎక్కడ నడవాలి? "మూడు పూటలా వేళకు కొద్దికొద్దిగా తినండి" అంటారు. ఆటో తోలేవాడు కిరాయి వదులుకుని వేళకు ఎట్లా తింటాడు? రేషను బియ్యమే ఆధారమైన ఇంట్లో "అన్నం తగ్గించి కూరలు, పప్పులు పెంచండి" అనే సలహా చెవికి బాగానే ఉంటుంది, చేతికి మాత్రం అందదు.

నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళను చూడండి. చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దస్తమానం కూర్చుంటే తప్ప పూట గడవదు. లేచి నడిచిన ప్రతి గంటా కూలిలో కోత. అదే జిల్లా నుండి ఎందరో కొడుకులు గల్ఫ్ దేశాలకు పోయి ఉన్నారు. ఒంటరిగా మిగిలిన అమ్మీ ఫోనులో "బాగానే ఉన్నా బేటా" అంటుంది. పాదాల మంటలు చెబితే కొడుకు అక్కడ దిగులు పడతాడని దాచిపెడుతుంది. ఆ దాపరికం కూడా ఒక రోగమే.

ఖర్చు సంగతి చెప్పనవసరం లేదు. 2007లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో, షుగరు ఉన్న పట్టణ పేదలు తమ ఆదాయంలో 34 శాతం, పల్లెల్లోని పేదలు 27 శాతం ఈ వ్యాధికే ఖర్చు పెడుతున్నట్టు తేలింది. నేడు ఉచిత మాత్రల వల్ల కొంత భారం తగ్గి ఉండవచ్చు. అయినా వేలిని గుచ్చి చూసుకునే పట్టీలు, కంటి పరీక్షలు, ఆసుపత్రికి పోయిన రోజు కూలి నష్టం మిగిలే ఉన్నాయి. కూతురి నికాహ్‌కు దాచిన సొమ్ములో నుండి తన మందుకు తీసే తండ్రి గుండె మీద ఎంత బరువుంటుందో ఏ రక్తపరీక్షలోనూ కనిపించదు.

స్త్రీల విషయం ఇంకా విచారకరం. ఇంట్లో అబ్బాకు షుగరు వస్తే వంట మారుతుంది. అమ్మీకి వస్తే వంట మారదు. అందరికీ వండి వడ్డించి, చివర మిగిలింది ఆమె తింటుంది. తన కోసం వేరే రొట్టె చేసుకోవడం స్వార్థమని ఆమెకు చిన్ననాడే నేర్పి ఉన్నాము. మళ్ళీ ఆమె చీటీలో అంకె పెరిగితే "నువ్వే జాగ్రత్తగా ఉండవు" అని నింద కూడా ఆమెకే.

ఈమాన్ బలహీనమా?

మన సమాజంలో మనసు బాధను నోరు తెరిచి చెప్పుకోవడం కష్టం. చెబితే రెండు రకాల జవాబులు వస్తాయి. ఒకటి, "పిచ్చి పట్టిందా, ఎర్రగడ్డకు తీసుకుపోవాలా?" అనే ఎకసెక్కం. రెండవది, "ఈమాన్ గట్టిగా ఉంటే దిగులెందుకు? సబర్ చేయి" అనే ఉపదేశం. మొదటి దానికంటే రెండవదే రోగిని ఎక్కువగా గాయపరుస్తున్నదని మా అనుభవం. మొదటిది అతని పరువునే తీస్తుంది. రెండవది, ప్రభువు ముందు కూడా తాను దోషినే అనే భావనను కలిగిస్తుంది.

ఉపదేశకులను మేము వినయంగా ఒక ప్రశ్న అడుగుతున్నాము. యూసుఫ్ (అలైహిస్సలాం) దూరమైనప్పుడు ఆయన తండ్రి యాఖూబ్ (అలైహిస్సలాం) ఎంత దుఃఖించారు? ఏడ్చి ఏడ్చి ఆయన చూపు పోయిందని దివ్యఖుర్ఆన్ తెలుపుతున్నది. సబర్‌కు మనం చూపే గొప్ప ఉదాహరణలలో ఒకటి ఆయనదే. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ పసికందు ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. హజ్రత్ ఖదీజా (రజి), తండ్రి సోదరుడు అబూ తాలిబ్ ఇద్దరూ దూరమైన సంవత్సరానికి చరిత్రలో 'ఆముల్ హుజ్న్', దుఃఖ సంవత్సరం అనే పేరే నిలిచిపోయింది. దుఃఖం ఈమాన్ బలహీనతకు చిహ్నమైతే ఈ మహనీయుల గురించి మనం ఏమనాలి? సబర్ అంటే నోరు మూసుకుని లోలోపల కాలిపోవడం కాదు. కష్టంలోనూ చేయవలసిన పని విడువకపోవడం సబర్. షుగరు రోగి విషయంలో వైద్యం చేయించుకోవడం ఆ పనిలో భాగం.

మన పూర్వులు ఈ సంగతి బాగా ఎరిగినవారు. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథం రాశారు. శరీరాల మేలు, మనసుల మేలు అని ఆ పేరుకు అర్థం. శరీరానికి రోగం వచ్చినట్టే మనసుకూ వస్తుందని, ఒకదాని బాధ రెండవదానికి పాకుతుందని, రెండింటికీ వైద్యం అవసరమని ఆయన వివరించారు. వెయ్యేళ్ళకు పూర్వమే మన పండితులకు తెలిసిన ఈ విషయం నేడు మన నాలుకల మీద లేకపోవడం విచారకరం.

రంజాన్ వచ్చినప్పుడు

షుగరు బెంగ అన్నిటికంటే ఎక్కువగా బయటపడేది రంజాన్‌లో. ఇంటిల్లిపాదీ సహ్రీకి లేస్తుంటే, డాక్టరు వద్దన్నందుకు తాను మాత్రం పడుకుని ఉండవలసిన పెద్దమనిషి సిగ్గుతో ముడుచుకుపోతాడు. మనవడు "దాదా, మీరు రోజా లేరా?" అని అడుగుతాడేమోనని భయపడతాడు. కొందరు ఈ సిగ్గు భరించలేక ఎవరికీ చెప్పకుండా రోజా ఉంటారు. మధ్యాహ్నానికి చెమటలు పట్టినా, చేతులు వణికినా విరమించరు.

ఇది మామూలు విషయం కాదు. 13 దేశాలలో పన్నెండు వేలకు పైగా రోగులను పరిశీలించిన 'ఎపిడయార్' అధ్యయనం ఫలితాలు 2004లో వెలువడ్డాయి. సాధారణంగా పెద్దలకు వచ్చే రెండవ రకం షుగరు ఉన్నవారిలో నూటికి 79 మంది రంజాన్‌లో కనీసం పదిహేను రోజులు రోజా ఉన్నారు. వారిలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయిన ఘటనలు మామూలు నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగాయి.

ధర్మం ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉన్నది. రోజాను విధిగా చేసిన సూరె బఖరాలోనే, ఆ ఆదేశం పక్కనే, రోగికి మినహాయింపు కూడా ఉన్నది. తిరిగి కోలుకుంటే తర్వాత లెక్క పూర్తి చేస్తాడు. కోలుకునే ఆశ లేని దీర్ఘరోగి ఒక్కో రోజాకు ఒక పేదవాడికి అన్నం పెట్టి ఫిద్యా చెల్లిస్తాడు. ఇది మనుషులు దయతలచి ఇచ్చిన సడలింపు కాదు, సృష్టికర్త ఇచ్చిన అనుమతి. ఆయన ఇచ్చిన అనుమతిని వాడుకున్నవాడిని చిన్నచూపు చూడడానికి మనమెవరం?

షుగరు ఉన్న ప్రతివాడూ రోజా మానవలసిందే అని మేము అనడం లేదు. కొందరు డాక్టరు సలహాతో క్షేమంగా ఉండగలరు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య ఈ విషయమై 2021లో సవరించిన మార్గదర్శకాలు వెలువరించింది. రంజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. రోజాలో ఉండగా వేలు గుచ్చి పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదు. చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే విరమించాలి. ఈ నాలుగు మాటలు షాబాన్ నెలలోనే, వీలైతే రజబ్‌లోనే, ఖుత్బా మింబర్ మీద నుండి వినిపిస్తే ఎన్ని ఇళ్ళలో ఎంత బరువు దిగుతుందో ఊహించండి. ఇమాం సాబ్ నోట విన్న మాట రోగి సిగ్గును తీసివేస్తుంది. డాక్టరు ఎంత చెప్పినా ఆ పని కాదు.

అడిగితే ఫలితముంటుందా?

మనసు సంగతి అడిగినంత మాత్రాన షుగరు తగ్గుతుందా అని కొందరు సందేహించవచ్చు. దీనికి జవాబు మన గడ్డ మీదనే ఉన్నది. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ, విశాఖపట్నం నగరాల్లోని నాలుగు షుగరు చికిత్సా కేంద్రాల్లో 404 మంది రోగులపై ఒక ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2020లో అమెరికా వైద్య సంఘం పత్రికలో అచ్చయ్యాయి. వీరందరికీ షుగరుతో పాటు కుంగుబాటు లక్షణాలు ఉన్నాయి. సగం మందికి ఎప్పటి చికిత్సే ఇచ్చారు. మిగతా సగం మందికి దానితో పాటు ఒక సహాయకుడిని కేటాయించారు. ఇతడు డాక్టరు కాదు. శిక్షణ పొందిన మనిషి. రోగిని తరచూ పలకరించడం, మనసు ఎట్లా ఉందో, మాత్రలు ఎందుకు తప్పాయో అడగడం, కష్టాన్ని రాసుకుని నిపుణుల ముందు పెట్టడం ఇతని పని. షుగరు డాక్టరు, మనోవైద్యుడు కలిసి ఆ వివరాలు చూసి చికిత్స మార్చేవారు.

ఈ సేవ ఒక ఏడాది సాగింది. రెండేళ్ళు పూర్తయ్యాక లెక్క చూస్తే, ఇటు కుంగుబాటు సగానికి తగ్గి, అటు షుగరు, రక్తపోటు, కొలెస్టరాల్‌లలో కనీసం ఒకటైనా మెరుగుపడినవారు సహాయకుడు ఉన్న వర్గంలో 71.6 శాతం, లేని వర్గంలో 57.4 శాతం. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఉన్న మందు సరిగా అందేట్టు ఒక మనిషిని నిలబెట్టారు, అంతే. ఆ నాలుగింటిలో ఒకటి మన విశాఖలోనే ఉన్నది కనుక, ఇది పరాయి దేశపు ముచ్చట అని తోసిపుచ్చడానికి వీలు లేదు.

డాక్టర్లే కరవైన చోట ఏం చేయాలో జింబాబ్వే దేశం చూపింది. రాజధాని హరారేలో 2006లో డిక్సన్ చిబాండా అనే మనోవైద్యుడు పేటలోని నానీ, దాదీల వంటి వృద్ధ స్త్రీలకు శిక్షణ ఇచ్చి, ఆరోగ్య కేంద్రం ఆవరణలో ఒక చెక్క బెంచీ మీద కూర్చోబెట్టాడు. బాధలో ఉన్నవారు వచ్చి పక్కన కూర్చుని చెప్పుకుంటారు. అక్కడి భాషలో ఆ బాధకు ఉన్న పేరుకు 'ఎక్కువగా ఆలోచించడం' అని అర్థం. మన ఇళ్ళలో అనే మాట కూడా అదే కదా! 2016లో 573 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు ప్రచురించారు. ఆరు నెలల తర్వాత కుంగుబాటు లక్షణాలు మిగిలినవారు బెంచీ సేవ పొందినవారిలో 14 శాతం లోపే. పొందనివారిలో దాదాపు 50 శాతం. ఇది ప్రత్యేకంగా షుగరు రోగుల కోసం చేసినది కాదు. కాని పేద పేటలో వినేవారిని తయారుచేసుకోవచ్చని మాత్రం రుజువు చేసింది.

కాగితం మీద ఉన్నది

మన ప్రభుత్వాలకు ఈ విషయం తెలియదని అనలేము. ముప్పై ఏళ్ళు దాటినవారి కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తెచ్చే 'సీబ్యాక్' ఫారం కొత్త రూపంలో మనసుకు సంబంధించిన రెండు ప్రశ్నలు చేర్చారు. గత రెండు వారాలలో పనుల మీద ఆసక్తి తగ్గిందా, మనసు కుంగినట్టు, ఆశ లేనట్టు ఉందా అనేవి వాటి సారాంశం. మంచి ప్రశ్నలు. అయితే ఒక ఆశా సోదరి చేతిలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఫారాలు ఉంటాయో చూసినవారికి, గుమ్మంలో నిలబడి అత్తగారి ముందు కోడలిని ఈ ప్రశ్న అడిగితే ఏ జవాబు వస్తుందో తెలుసు. "ఏం లేదు, బాగున్నా." ఫారం నిండుతుంది, మనసు తెరుచుకోదు.

2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం 'టెలీ మానస్' ప్రారంభించింది. 14416 నంబరుకు ఎప్పుడు ఫోను చేసినా, డబ్బు ఖర్చు లేకుండా, శిక్షణ పొందినవారు తెలుగుతో సహా ఇరవై భాషలలో మాట్లాడతారు. పేరు, ఊరు బయటపడుతుందన్న భయం ఉన్నవారికి, ఆసుపత్రి మెట్లెక్కలేనివారికి ఇది నిజంగా మేలు. మన బస్తీలలో ఈ నంబరు తెలిసినవారు ఎందరు? నమాజు వేళల పట్టిక పక్కన ఈ నంబరు రాసి పెట్టిన మస్జిద్ మాకు ఇంతవరకు కనిపించలేదు. ఈ లోపం ప్రభుత్వానిది కాదు, మనదే.

అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య కూడా 2024 నుండి 2026 వరకు నవంబరు 14 ప్రపంచ మధుమేహ దినానికి రోగి క్షేమాన్నే అంశంగా ఎంచుకున్నది. ఊరేగింపులు, బ్యానర్లు, ఉచిత పరీక్షా శిబిరాలు జరుగుతాయి. శిబిరంలో వేలు గుచ్చి, అంకె చెప్పి, కరపత్రం చేతిలో పెట్టి పంపుతారు. ఆ అంకె విన్న మనిషి ఇంటికి ఎట్లా వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

చేయవలసింది

ప్రభుత్వాన్ని మనం అడగవలసింది పెద్ద భవనాలు కాదు. నెలనెలా మాత్రల కోసం వచ్చే రోగిని కనీసం ఏడాదికి ఒకసారి, పక్కకు కూర్చోబెట్టి ఆ రెండు ప్రశ్నలు అడిగే ఏర్పాటు కావాలి. ఆ పనికి ఆ బస్తీకే చెందిన, ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన ఒక సోదరికి శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి నియమించాలి. కుంగుబాటు ఉన్నవారిని ఎక్కడికి పంపాలో దవాఖానా గోడ మీద స్పష్టంగా ఉండాలి. అంకె పెరిగిన రోగిని అందరి ముందు మందలించే అలవాటు పోవాలి. ఈ చివరి దానికి బడ్జెట్టు కూడా అవసరం లేదు.

మస్జిద్ కమిటీలు చేయగలిగింది చాలా ఉన్నది. వారానికి ఒక సాయంత్రం, అసర్ తర్వాత, ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు పెద్దలు ఒకచోట కూర్చుంటే చాలు. షుగరు ఉన్నవారు వచ్చి తమ కష్టసుఖాలు చెప్పుకుంటారు. స్త్రీల కోసం ఒక ఆపా ఇంట్లో ఇదే ఏర్పాటు చేయవచ్చు. అక్కడ ఉపన్యాసాలు ఉండకూడదు, మందుల సలహాలు అసలే ఉండకూడదు. మందు డాక్టరు పని, వినడం మన పని. రోగిని పరామర్శించడం ముస్లిముకు ముస్లిము మీద ఉన్న హక్కులలో ఒకటి అని పిల్లలకు మేము పాఠం చెబుతాము. మంచం పట్టినవాడే రోగి అని ఎవరన్నారు? నడుస్తూ తిరుగుతూ ఇరవై ఏళ్ళు షుగరు మోసేవాడికి ఆ హక్కు లేదా?

ఇక ఇళ్ళలో. "ఏం తిన్నావు?" అనే ప్రశ్నకు ముందు "ఎట్లా ఉన్నావు?" అని అడగండి. ఇంట్లో ఒకరికి షుగరు ఉంటే వంట అందరికీ మార్చండి, వారికి హాని లేదు, రోగికి ఒంటరితనం ఉండదు. వలీమాలో విస్తరి ముందు కూర్చున్నవాడికి "ఒక్క ముద్ద డబుల్ కా మీఠాతో ఏం కాదు" అని బలవంతం చేయకండి. తింటుంటే గుడ్లురిమి చూడనూ వద్దు. ఇన్సులిన్ మొదలైతే అంతిమ ఘడియ వచ్చినట్టు మాట్లాడకండి, అది ఎన్నో ఏళ్ళ జీవితానికి ఆసరా. ఎవరైనా "ఇక బతికి ఏం లాభం" అంటే దానిని మాట తీరుగా కొట్టివేయకండి. వారిని ఒంటరిగా వదలకుండా ఆ రోజే డాక్టరు వద్దకు తీసుకువెళ్ళండి, లేదా 14416కు ఫోను చేయించండి.

ఆ ఆటో సోదరుని సంగతి చెప్పి ముగిస్తాము. మరుసటి సోమవారం మేము అతనితో దవాఖానాకు వెళ్ళాము. లోపల మేము చేసిన ఘనకార్యం ఏమీ లేదు, పక్కన కూర్చున్నామంతే. ఈసారి డ్యూటీలో ఉన్న యువ డాక్టరమ్మ చీటీ పక్కన పెట్టి, "మూడు నెలలు ఎందుకు రాలేదు భాయ్?" అని మెల్లగా అడిగింది. నలభై ఎనిమిదేళ్ళ ఆ మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. అంకె అప్పటికీ ఎక్కువగానే ఉన్నది. అయినా మాత్రల సంచి చేత పట్టుకుని బయటికి వస్తూ, "వచ్చే నెల నేనే వస్తాను ఉస్తాద్, మీరు శ్రమపడకండి" అన్నాడు.

మన గల్లీలో ఇట్లాంటివారు ఇంకెందరున్నారో! ఈ జుమా నమాజు అయ్యాక చెప్పులు వేసుకునే తొందరలో వెళ్ళిపోకుండా, ఒక్కసారి వరండా వైపు చూడండి. అడిగే నోరునూ, వినే ఓపికనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.